తలలు లెక్కించి బాట వేయుదురా?

సాయంకాలమున బిలాస్‌పూరు కుదుదండ్‌లోని మా వసారాయందు నలుగురము చేరినపుడు, మాట ఎచ్చట మొదలైనను, రైలు కొలువులలో తలలు నెరసిన వారము గనుక, తుదకు ఏ బండి ఎందాక వచ్చినది, ఏ హాల్టు ఎత్తివేసిరి అను చోటికి చేరుట మాకు పరిపాటి. మొన్న అట్టి గోష్ఠిలోనే, జీవితకాలమంతయు లెక్కల విభాగమున గడపిన మిత్రులొకరు, బెల్‌గహనాకు ఆవల అడవిలో నూరు గడపలైన లేని యొక పల్లెవారు రోడ్డు కోరుచున్నారని పత్రికలో పడిన వార్తను చదివి, కళ్ళజోడు తీసి ముడిచి, "ఉన్నవారు పిడికెడుమంది. వారికొరకు అంత సొమ్ము అడవిలో పోయవలెనా? జనమున్న చోటికి బాట వేయవలెను గాని, జనము లేని చోటికి బాట యేమిటండీ?" అని తేల్చివేసిరి. తక్కినవారు తల లూపిరి. నేను ఆ పూట ఊరకుంటిని. ఊరకుండుట అంగీకారమని వారు తలంచి యుందురేమో యను శంక నన్ను నాటినుండి వదలనందున ఈ వ్యాసము వ్రాయవలసి వచ్చినది.

మా మిత్రులు కఠినహృదయులు కారు. పండుగకు పనివారికి బట్టలు పెట్టనిదే తాము కొత్తబట్ట కట్టని మనిషి. ఆ మాటయు వారు పుట్టించినది కాదు. కార్యాలయములలోను, సంపాదకీయములలోను, టీ దుకాణముల బల్లలమీదను తరతరములుగా చెలామణి యగుచు, ఎవరి చేతినుండి ఎవరి చేతికి వచ్చినదో తెలియనంతగా అరిగిన నాణెమది. అరిగిన నాణెమును ఎవరును గీటురాతిమీద పెట్టి చూడరు. ఆ పని ఇప్పుడు చేయుదము.

పూర్వపక్షమును ముందుగా దాని బలమంతటితో నిలుపుట న్యాయము. ధనము పరిమితము, అవసరములు అపరిమితములు. ఒక్క రూపాయితో వేయిమందికి మేలు కలుగు చోటొకటియు, పదిమందికి మేలు కలుగు చోటొకటియు ఉన్నపుడు మొదటిదానిని విడిచి రెండవదానిని పట్టువాడు దయాళువు కాడు, అవివేకి. ఈ తర్కము ననుసరించియే 2000 డిసెంబరు 25న ఆరంభమైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన, మైదాన ప్రాంతములలో 500 మందియు, కొండ రాష్ట్రములలోను ఎడారులలోను ఐదవ షెడ్యూలు గిరిజన ప్రాంతములలోను 250 మందియు ఉన్న ఆవాసములకు అర్హత కల్పించి, అందును వేయిమంది దాటినవానికి ముందు పంక్తి వేసినది. ఆ పథకము చేసిన మేలు సామాన్యమైనది కాదు. ఇప్పటికి ఏడు లక్షల కిలోమీటర్లకు పైబడిన రోడ్డు ఈ దేశపు పల్లెలలో దానివలన పరచబడినది. దానిని నిందించువాడు కృతఘ్నుడు. నా జగడము ఆ పథకముతో కాదు. పని ఎచ్చటనో ఒకచోట మొదలుపెట్టవలెను గనుక ఆ పథకము గీసికొన్న గీతను, అదేదో ధర్మశాస్త్రమైనట్లు పఠించువారితో.

ఆ గీత ధర్మశాస్త్రము కాదనుటకు దాని చరిత్రయే సాక్షి. మొదట వేయిమంది అనిరి. పిదప 500 అనిరి. గిరిజన ప్రాంతములలో 250 అనిరి. తీవ్రవాద ప్రభావము గల ప్రాంతములలో 100 చాలు ననిరి. 2023 నవంబరులో ఆరంభమైన జన్‌మన్ పథకమునందు బైగా, పహాడీ కోర్వా మొదలగు మిక్కిలి వెనుకబడిన తెగల గూడెములకును 100 చాలు ననిరి. ఈ ఇరువది మూడేండ్లలో ఆ గూడెములు పెరుగలేదు, గీత దిగినది. 2000 సంవత్సరమున నూరుమంది గల గూడెమునకు బాట వేయుట దుర్వ్యయమని వాదించినవాడు నాడు సత్యమే పలికియుండిన యెడల, అదే గూడెమునకు అదే బాట 2023లో కర్తవ్య మెట్లయినది? గీత చూపునది పల్లె యోగ్యతను కాదు, ఖజానా చేయి ఆనాటి కెంత దూరము సాగినదో అంతమాత్రమే. చేయి సాగలేదని చెప్పుకొనుటలో తప్పు లేదు. చేయి సాగనందుకు పల్లెను అయోగ్యమనుటలో ఉన్నది తప్పు.

ఇక సిద్ధాంతమునకు వత్తును. జనము లేనందున బాట లేదనువారు కార్యకారణములను తలక్రిందులు చేయుచున్నారు. అందులకు దృష్టాంతమును వెదకుచు వారు ఎచ్చటికిని పోనక్కరలేదు, తాము కూర్చున్న ఊరిని చూచిన చాలును. బిలాసా అను కేవట స్త్రీ పేర వెలసినదని చెప్పుకొను ఈ అర్పానదీతీరపు ఊరికి రైలు వచ్చినది ఊరి గొప్పను చూచి కాదు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీవారు, నాగపూరునుండి రాజనందగావ్ వరకు అంతకుముందే యున్న మీటరుగేజి దారిని చేజిక్కించుకొని, వెడల్పుచేసి, బిలాస్‌పూరు మీదుగా ఆసన్‌సోల్ వరకు 1891లో పొడిగించినపుడు, వారి దృష్టి యంతయు అలహాబాదు చుట్టు తిరుగకుండ బొంబాయినుండి కలకత్తా చేరు దగ్గరిదారిమీదనే యున్నది. దారిలో ఎవరున్నారు, ఎందరున్నారు అను ప్రశ్న వారికి నిద్ర చెరచలేదు. పిమ్మట జరిగినది గమనింపుడు. 1896–97లో ఒకమారును, 1899–1900లో మరియొకమారును క్షామదేవత ఈ నేలను నమలి ఉమిసినది. 1901 జనగణనలో జిల్లా జనసంఖ్య పదేండ్ల క్రిందటికంటె తగ్గినది. పట్టణమున ఉన్నవారు ఇరువదివేలకు లోపు. మా మిత్రుల న్యాయమును నాటి కంపెనీ దొరలు పాటించియుండినచో, జనము తరుగుచున్నది గదా యని పట్టాలు పెరికి బండ్లకెత్తి యుండవలెను. వారు పెరుకలేదు. అదే పట్టణము 2011 నాటికి మూడులక్షలు దాటినది. 2003లో ఒక రైల్వే జోనుకు ముఖ్యస్థాన మైనది. సరకు రవాణాలో ఈ డివిజను దేశమున అగ్రశ్రేణిలో నిలుచుచున్నది. ముందు పట్టాలు, వెనుక జనము. ఇందులో ఏది కారణమో, ఏది కార్యమో చెప్పుటకు లెక్కల విభాగమున పనిచేసి యుండనక్కరలేదు.

ఆ వెనుక వచ్చిన జనములో మనవారున్నారు. శ్రీకాకుళపు మెరకపొలములనుండి, విజయనగరపు మెట్టలనుండి, తిండిగింజలకు కటకట పడిన కుటుంబములు ఖరగ్‌పూరు కర్మాగారమునకు కొన్ని, బిలాస్‌పూరు యార్డునకు కొన్ని వచ్చి, గ్యాంగుమన్లుగను, కలాసీలుగను, ఫిట్టర్లుగను కుదురుకొని, ఇచ్చట రామమందిరములు కట్టుకొని, పిల్లలకు అక్షరములు దిద్దించుకొని, ఈ ఊరివారైరి. మా తండ్రిగారు పలాస దగ్గర బండి యెక్కి ఈ ఊరు చేరినవారే. 1951 జనగణనలో వారు ఇచ్చటి లెక్కలో చేరిరి. పుట్టిన ఊరి లెక్కలో చేరలేదు. ఒక పద్దున తీసివేత, వేరొక పద్దున కూడిక. ఆ కూడికను చూపి "చూచితిరా, ఇచ్చట జనమున్నారు, ఇచ్చటికి రైలు న్యాయమే" యనుటయు, ఆ తీసివేతను చూపి "చూచితిరా, అచ్చట జనము లేరు, అచ్చటికి బస్సు అన్యాయమే" యనుటయు ఒకే నోటితో మనము చేయుచున్నాము. ఇట్టి వాదము తెలుగు రైలు కుటుంబమునుండి రాదగినదేనా?

రెండవ మాట. తలలు లెక్కించిన పిదపనే బాట వేయవలెనను నియమము నిజముగా నియమమే యైనచో అది అందరికిని వర్తింపవలెను. వర్తించుచున్నదా? రాయపూరునుండి విజయనగరమునకు పోవు రైలుదారి 1931 ప్రాంతమున పూర్తియైనది. 1933లో విశాఖపట్టణ నౌకాశ్రయము తెరవబడినది. ఈ రెండును ఒకదానికొరకొకటి పుట్టిన పనులు. మధ్యపరగణాల మాంగనీసు మొదలగు సరకు సముద్రము చేరవలెను. అందులకై ఆ దారి తూర్పుకనుమలను చొచ్చి, పార్వతీపురము మీదుగా దిగినది. ఆ కనుమలలోని సవరలను, జాతాపులను లెక్కించి, చాలినంతమంది ఉన్నారని తృప్తి చెందిన పిదప పట్టాలు పరచిరని ఎవడైన చెప్పగలడా? అంతకంటె చోద్యమైనది కొత్తవలస–కిరండూలు దారి. బైలాడిల్లా ఇనుపరాయిని విశాఖ రేవున ఓడలకెత్తి జపానుకు పంపవలెనని, 1960 దశకమున, 58 సొరంగములు తొలిచి, లోయలమీద వంతెనలు నిలిపి, అనంతగిరి కొండలపైకి బ్రాడ్‌గేజి దారిని ఎక్కించిరి. అప్పుడెవరును "ఆ కొండలలో ఎందరున్నారండీ?" అని అడుగలేదు. రాతికి తలలుండవు గనుక లెక్క తప్పినది కాబోలు!

ఆ అనంతగిరి మండలముననే, ఆ సొరంగములకు కూతవేటు దూరములోని కొండశిఖరపు గూడెములనుండి, నొప్పులు పడుచున్న తల్లులను వెదురుకఱ్ఱకు దుప్పటి కట్టి డోలీలో మోసికొని వచ్చు దృశ్యములను తెలుగు పత్రికలు ఏటేట అచ్చువేయుచునే యున్నవి. మోయువారు ఇద్దరు ముందు, ఇద్దరు వెనుక. వాగు వచ్చినచోట కఱ్ఱ భుజమునుండి నెత్తికెక్కును. పగలు ఆ కొండలలో నిలిచి వినినచో ఖనిజపు బండ్ల చప్పుడు వినబడును. ఒకే కొండ. రాయి దిగుటకు సొరంగము. చూలాలు దిగుటకు దుప్పటి. డోలీల సంగతి పత్రికల కెక్కి ప్రభుత్వములు సిగ్గుపడి ఇటీవల ఆ మన్యమున రోడ్డు పనులు చేపట్టుట సంతోషకరము. కాని డెబ్బదియేండ్లకు దగ్గరగా "జనము చాలరు" అను మాట అచ్చట ప్రభుత్వమునకు ఎంత హాయిగా పనిచేసినదో మరువరాదు.

ఇచ్చటి సంగతియు అంతియే. 2022 వేసవిలో దేశమున విద్యుత్తు కొరత వచ్చినపుడు, కోర్బా బొగ్గు త్వరగా పోవలెనని, ఈ జోనునందు పదులకొలది ప్రయాణికుల బండ్లను రోజులతరబడి రద్దుచేసిరి. రాష్ట్ర ప్రభుత్వమే ఆక్షేపణ తెలుపవలసి వచ్చినది. బొగ్గు అవసరము కాదని నేననను. నా ఇంటి దీపమును దానితోనే వెలుగుచున్నది. నేనడుగునది ఇంతే: కట్నీ దారిలో కర్గీ రోడ్డు దాటిన పిదప సల్కా రోడ్డు, బెల్‌గహనా, టేంగన్‌మాడా, ఖోంగ్‌సరా, భన్వర్‌టోంక్, ఖోడ్రీ అని అడవిలో వరుసగా నున్న చిన్న స్టేషన్లకు పాసింజరు బండియే బస్సు, అదియే అంబులెన్సు, అదియే సంతబండి. ఆ బండి ఆగిన దినమున అచ్చటివారు పట్టాల ప్రక్కన నిలిచి, తమ ఊరి మీదుగా పోవు బొగ్గు పెట్టెలను లెక్కించుకొనవలసినదే. పెట్టెలు ఎన్నియైనను ఉండవచ్చును, వానికి కనీససంఖ్య నియమము లేదు. ప్రక్కన నిలిచిన మనుష్యులకు మాత్రమే కలదు.

మూడవ మాటకు వచ్చుచున్నాను. మా మిత్రులు లెక్కలవారు గనుక వారిని మిక్కిలి కలవరపెట్టవలసినది ఇదియే. తలల లెక్క అనుచున్నారు గదా, ఆ లెక్క ఏనాటిది, ఎట్టిది? 2011 తరువాత ఈ దేశమున జనగణన జరుగలేదు; 2021లో జరుగవలసినది 2027కు వాయిదా పడినది. కావున 2024లో మంజూరైన సడక్ యోజన నాలుగవ దశయు 2011 నాటి సంఖ్యనే ప్రమాణముగా గైకొన్నది. నాడు తల్లి ఒడిలో నున్న బిడ్డ నేడు పదవ తరగతికి నడచి పోవుచున్నాడు. వాని నడకను ఆ పట్టిక ఎరుగదు.

సరే, పాతదైనను లెక్క లెక్కయే యందురు. అదియును కాదు. 2011 జనగణన ఫిబ్రవరి 9 మొదలు 28 వరకు జరిగినది. ఆ ఇరువది దినములలో ఒక్కనాడైన ఇంట లేనివానిని ఇంటి లెక్కలో చేర్పరాదు, వాడు దొరికినచోట చేర్పవలెనని నియమము. నియమము సబబైనదే, లేనిచో ఒక్కడు రెండుచోట్ల లెక్కకు వచ్చును. కాని ఛత్తీస్‌గఢ్‌లో ఫిబ్రవరి అనగా నేమి? నీటివసతి లేని పల్లెలో వరి యొక్కటే పంట. కోతలై, నూర్పులై, పౌష్యపూర్ణిమనాడు పిల్లలు ఇంటింట ధాన్యము అడుగుకొను ఛేర్‌ఛేరా పండుగ దాటగానే, కుటుంబమునకు కుటుంబమే మూటలు కట్టుకొని ఇటుక బట్టీలకు బయలుదేరును. దీనిని ఇచ్చటివారు పలాయన్ అందురు. తిరిగి వచ్చుట తొలకరికి. కావున గణకుడు పలకయు బలపమును పట్టుకొని పల్లెకు వచ్చినపుడు తలుపులకు గొళ్ళెములును, అరుగులమీద ముసలివారును కనబడుదురు. ఆ వలసపోయినవారు ఎచ్చటనో పరరాష్ట్రపు బట్టీప్రక్క గుడిసెలో, ఆ ఊరి సంఖ్యకు అంకె యగుదురు. ఎచ్చట వలస హెచ్చో అచ్చట లెక్క తగ్గును. ఎచ్చట బాట లేదో అచ్చట వలస హెచ్చును. బాట లేనందున పోయినవారిని తీసివేసి, మిగిలినవారిని లెక్కపెట్టి, చాలలేదని బాట నిరాకరించుట ఎట్టి గణితము? నేరము చేసినవాడే సాక్షియై, తీర్పరియు నైనట్లున్నది.

మా వీధికి వారమునకొకమారు అడవివైపునుండి ఒక ముసలామె విస్తళ్ళ కట్టలు తెచ్చి అమ్మును. మన మన్యమువారు అడ్డాకు అను ఆకునే ఇచ్చటివారు మాహుల్ అందురు. వెదురుపుల్లతో కుట్టిన ఆ విస్తళ్ళు చూచినపుడెల్ల నాకు పాడేరు సంత జ్ఞప్తికి వచ్చును. గోష్ఠి జరిగిన మరునాడు ఆమె రాగా, "అమ్మా, మీ పారాలో ఎందరుందురు?" అని అడిగితిని. ఆమె కట్టను దింపి, కొంగుతో చెమట తుడుచుకొని, "ఎప్పటి సంగతి బాబూ? ఛేర్‌ఛేరాకు ముందా, తరువాతనా?" అని నన్నే అడిగినది. అక్షరము రాని ఆ తల్లి అడిగిన ప్రశ్నను మన జనాభా పట్టికలలో ఏ నిలువుగడియు ఇంతవరకు అడుగలేదు.

పారా యంటినిగదా, అదియు నొక చిక్కు. ఈ ప్రాంతపు రెవెన్యూ గ్రామము కోనసీమలోవలె ఒకచోట కుదురుకొని కూర్చున్న ఊరు కాదు. నాలుగు పారాలు, రెండు టోలాలు, పొలముల నడుమ, చెలకల అంచున, వాగుకు ఇటునటు చెదరియుండును. సడక్ యోజన నియమము ప్రకారము 500 మీటర్ల పరిధిలోని ఇండ్లను కలిపి యొక ఆవాసముగా కూర్పవచ్చును. అంతకుమించి ఎడమున్నచో దేనికది వేరు. కావున ఆరువందల మంది గల గ్రామము మూడు రెండువందలుగా చీలి, మూడును గీతకు దిగువనే నిలిచిపోవచ్చును. ఇక దూరమును కొలుచు తీరో! 2011 గ్రామవివర పట్టికలో ఊర బస్సు లేనియెడల అది ఎంత దూరమున కలదో మూడు సంకేతములతో తెలిపిరి: 5 కిలోమీటర్లకు లోపు, 5 మొదలు 10 వరకు, 10కి పైన. నాలుగు కిలోమీటర్ల చదునుబాటయు, నడుమ వాగు పొంగి మూడునెలలు ఆవలిగట్టు అందని నాలుగు కిలోమీటర్లును ఆ పట్టికలో ఒకే అక్షరము. ఆషాఢమున ఆ వాగుపై రపటా యను పల్లపు వంతెనమీద మోకాలిలోతు ఎఱ్ఱనీరు పారుచుండగా, జ్వరపు బిడ్డను చంకనెత్తుకొని ఈవలిగట్టున నిలిచిన తల్లికి ఆ అక్షరము ఏమి చెప్పును?

నాలుగవది ధనశాస్త్రము. దీనిలో మన పూర్వపక్షులు తమకు ఓటమి లేదని నమ్ముదురు. వారికి ఆంగ్లదేశపు అనుభవము నొకదానిని విన్నవించెదను. 1963లో బ్రిటిష్ రైల్వేల అధ్యక్షుడు డాక్టర్ బీచింగ్, దారులలో మూడవవంతు మీద ప్రయాణికుల రాకపోకలలో నూటికి ఒక వంతు మాత్రమే సాగుచున్నవని లెక్కతేల్చి, 2,363 స్టేషన్లను, సుమారు 8,000 కిలోమీటర్ల దారిని మూసివేయుమని నివేదించెను. లెక్కలో తప్పు లేదు. మూసిరి. ఆశించినంత ఆదా మాత్రము రాలేదు. ఏలయన, పిల్లకాలువ ఎండిన పిదప పెద్దకాలువలో నీరు తగ్గును. చిన్న స్టేషనులో ఎక్కవలసినవాడు పెద్ద స్టేషనువరకు నడచివచ్చి ఎక్కడు, మొత్తముగా రైలునే మాని మోటారు కొనును. స్కాట్లండు సరిహద్దు సీమకు ప్రాణాధారమైన వేవర్లీ దారి 1969లో మూతపడినది. నలువదియారేండ్ల తరువాత, 2015లో, దానిలో కొంతభాగమును కొత్తగా సొమ్ము పోసి తిరిగి వేయవలసి వచ్చినది. మొదటియేటనే ప్రయాణికులు పదిలక్షలు దాటిరి. అంచనాకంటె మిక్కిలి హెచ్చు. జనము లేరని మూసిన దారి తెరువగానే ఆ జనమెక్కడినుండి ఊడిపడిరి? వారచ్చటనే యుండిరి, లెక్కకు అందలేదు, అంతే.

మన పల్లెల విషయమునను, బాటకైన ఖర్చు నొక్కదానినే వ్రాసి, బాట లేమికైన ఖర్చును వ్రాయని పద్దు సగము పద్దు. బాట లేని ఊర ఇప్పపూవును, తునికాకును, చింతపండును ఊరికి వచ్చిన దళారి చెప్పిన ధరకే అమ్మవలెను. సంతకు మోసికొనిపోయి బేరమాడు శక్తి నెత్తిమీద బరువుతో పదికోసులు నడచినవానికి మిగులదు. ఉపాధ్యాయుడు వానకాలమున రాడు. మందులపెట్టె రాదు. ఆడపిల్ల చదువు ఊళ్ళో బడి ఎందాక ఉన్నదో అందాకనే. ఈ నష్టమంతయు ఎవరో ఒకరు ఏటేట చెల్లించుచునే యున్నారు. చెల్లించువారు పన్నుల రసీదు అడుగని వారగుటచేత, అది ఖర్చుగా కనబడదు.

ఐదవ మాట. ఇంతవరకు విని కొందరు, "అట్లయిన వారినే బాటదగ్గరకు తెచ్చి కాపురముంచుడు" అందురు. చదరంగపు బల్లమీద ఇది చక్కని ఎత్తు. కాని మనిషితోబాటు పొలము నడచి రాదు, ఇప్పచెట్టు రాదు, వాగులోని చేప, కొండలోని దుంప, ఊరిదేవత గద్దె, ఏవియు రావు. అడవిలోని గూడెమును పీకి రోడ్డుప్రక్క నాటినచో మిగులునది కూలివాడు. శాసనమును దీనికి వ్యతిరేకమే. 2006 నాటి అటవీహక్కుల చట్టము, గ్రామసభ సిఫారసు చేసినచో, ఒక హెక్టారుకు మించకుండ, 75 చెట్లకు మించి నరుకకుండ, బడికి, ఆసుపత్రికి, రోడ్డుకు అడవిభూమిని ఇయ్యవచ్చునని స్పష్టముగా చెప్పినది. అనగా ప్రజలున్నచోటికే సౌకర్యము పోవలెనని శాసనకర్తల ఉద్దేశము. "అడవి అడ్డు" అను మాట కాగితములమీద ఎంత తరచుగా వినబడినను, ఆ కాగితములన్నింటికిని పైనున్న కాగితము వేరొకటి చెప్పుచున్నది.

ఆరవది, అన్నింటిలోను సూక్ష్మమైనది, నేను తేలికగా తోసిపుచ్చలేనిది: బాట వేసినను జనము పెరుగరు సరికదా, ఆ బాటవెంటనే ఊరు ఖాళీ యగును అను వాదము. ఇందులో సత్యము లేకపోలేదు. బాట పడిన తొలియేటనే పడుచువారు పట్టణము చేరిన ఊళ్ళు నేనెరుగుదును. కాని బాట లేని ఊరినుండి మాత్రము వారు పోవుటలేదా? పోవుచున్నారు, భేదమెల్ల రాకలో ఉన్నది. బాట లేనివాడు పోయిన, సంవత్సరమునకొకమారు వచ్చును, లేదా రానే రాడు. బాట ఉన్నవాడు వారమునకొకమారు రాగలడు, ఉదయముపోయి సాయంకాలము రాగలడు, కాపురము కదల్చకయే కూలిపని చేసికొనగలడు. మా తెలుగువారినే చూడుడు. కోర్బానుండి విశాఖపోవు బండిని మేమింకను లింకు ఎక్స్‌ప్రెస్ అనియే పిలుతుము. సంక్రాంతికి వారము ముందునుండి అందులో కాలు పెట్టుటకు చోటుండదు. మూడవతరపు పిల్లలు, తెలుగు చదువరాని వారు సైతము, బొబ్బిలిలోనో పార్వతీపురములోనో దిగి, తాతల ఊళ్ళకు పోయి, భోగిమంట వేసి వత్తురు. ఆ బండి లేకున్నచో మాకు ఆ ఊళ్ళు లేవు, ఆ ఊళ్ళకు మేమును లేము. ఊరిని విడిపించినదియు రైలే, ఊరిని మరువనీయనిదియు రైలే.

ఇంతకును బాట యనగా తారు మాత్రమే కాదను సంగతిని, బాట కోరువారును తరచుగా మరతురు. నిజాము ప్రభుత్వము 1932లో 27 బస్సులతో ప్రజారవాణా మొదలుపెట్టిన నాటినుండి, తెలుగుదేశమున బస్సు ప్రభుత్వపు బాధ్యత యను భావము మనకు ఉగ్గుపాలతో వచ్చినది. పల్లెవెలుగు బండి దుమ్ము లేపుకొని వచ్చి మర్రిచెట్టుక్రింద ఆగుట మనకు సూర్యోదయమంత సహజము. ఛత్తీస్‌గఢ్‌లో అట్టి రాష్ట్ర రవాణా సంస్థ నేడు లేదు. ప్రైవేటు బండి లాభమున్న దారిలోనే నడచును. లాభము జనమున్న దారిలోనే యుండును. తిరిగి మనము తలల లెక్కకే వచ్చి పడితిమి. తెలుగు రాష్ట్రములు రెండును స్త్రీలకు బస్సులలో ఉచిత ప్రయాణము కల్పించినవి. తెలంగాణలో 2023 డిసెంబరునుండి, ఆంధ్రప్రదేశమున 2025 ఆగస్టు 15నుండి. మంచిదే. కాని బస్సే రాని గూడెపు స్త్రీకి ఆ ఉచితము ఏమి ఉచితము? టిక్కెట్టు ధర తగ్గించుటకు ముందు, టిక్కెట్టు ఇచ్చువాడు ఆ ఊరికి రావలెను గదా.

అట్లయిన ప్రమాణ మేది, అన్నింటికిని ఒకేసారి బాటలు వేయుట సాధ్యమా యని అడుగుదురు. సాధ్యము కాదు; వరుస ఒకటి కావలెను. నేను వలదనుచున్నది వరుసను కాదు, తలల వరుసను. ఆవాసమునకు ఎదురుగా ఎందరున్నారని వ్రాయుటకు బదులు, శ్రావణమాసపు నడిరాత్రి ఆ ఊరినుండి కాన్పు ఆసుపత్రి చేరుటకు ఎన్ని గంటలు పట్టునో వ్రాయుడు. తొమ్మిదవ తరగతి బడికి ఎన్ని గంటలో, ధాన్యము కొనుగోలు కేంద్రమునకు ఎన్ని గంటలో వ్రాయుడు. ఎక్కువ గంటలున్న ఊరు ముందు, తక్కువ గంటలున్నది వెనుక. అంతటికిని తారురోడ్డే అక్కరలేదు. ఒకచోట వాగుపై ఎత్తైన వంతెన చాలును, ఒకచోట మొరముబాట చాలును, ఒకచోట ఉదయ సాయంకాలములు పాసింజరు ఒక నిమిషము ఆగిన చాలును. ఇట్లు లెక్కించినచో ఖర్చు పెరుగునో తగ్గునో చెప్పలేను గాని, లెక్క మాత్రము నిజమగును.

వచ్చువారము గోష్ఠికి మా మిత్రులు తప్పక వత్తురు. ఈ వ్యాసమును వారి చేతికే ముందుగా ఇచ్చెదను. వారు లెక్కలలో గట్టివారు, తప్పు కనబడినచో ఒప్పుకొను నిజాయితీయు గలవారు. అందుచేత వారికి నేను పెట్టు ప్రశ్న ఒక్కటే, అదియును నాది కాదు, విస్తళ్ళ కట్ట దింపుకొనుచు ఆ ముసలామె అడిగినది. ఆ అడవిపల్లెలో పిడికెడుమందియే యున్నారంటిరి గదా. ఏ నెలలో లెక్కించితిరండీ?